డ్రాయింగు సారు జవాబులు: ఛాతీ దగ్గర ఆగిన బొమ్మ

ఈ నెల వచ్చిన జాబుల్లో సగానికి పైగా విగ్రహాల గురించే. ఎండాకాలం సెలవులకు పాత విద్యార్థులంతా ఊర్లకు చేరి, రచ్చబండ మీద కూర్చుని, "మన సారుకు ఒక విగ్రహం పెట్టాలప్పా" అనుకోవడం మా పక్క ఆనవాయితీ అయిపోయింది. బడిలో డ్రాయింగు చెప్పింది ముప్పై ఒక్క ఏండ్లే గానీ, ప్రొద్దుటూరులో ఇంటెనక రేకుల షెడ్డులో మట్టి పిసకడం అంతకు ముందు నుంచీ ఉంది, రిటైరైనాక కూడా ఆగలేదు. అందుకే నీళ్ల రంగుల ప్రశ్నలు వచ్చే నెలకు తోసేసి, ఈసారి బొమ్మల జాబులకే కూర్చున్నాను.

ప్రశ్న: సార్, మా జేజినాయన మా ఊరి బడిలో ఇరవై రెండేండ్లు అయ్యవారుగా పని చేసినాడు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు బడి ఆవరణలో విగ్రహం పెడతామని చందాలు ఎత్తినారు. బొమ్మలు చేసే ఆయన దగ్గరికి పోతే "ఫుల్లు చేయమంటారా, బస్టు చేయమంటారా?" అని అడిగినాడంట. ఉన్న డబ్బుకు బస్టే వస్తుందంట. ఆ మాట విన్నప్పటి నుంచి మా జేజి సరిగా అన్నం ముట్టలేదు. "నా మొగుణ్ని నడుముకాడికి నరికి బడి ముందర పెడతారా?" అంటోంది. అసలు బస్టు అంటే ఏంది? సగం మనిషిని పెట్టడం అశుభమా?
- జమ్మలమడుగు పక్క పల్లె నుంచి ఒక మనవరాలు

జవాబు: తల్లీ, ముందు మీ జేజిని అన్నం తినమను. ఆమె అడిగింది చానా సరైన ప్రశ్న. నా దగ్గర పని నేర్చుకున్న పిల్లోళ్లు ఒక్కరు కూడా ఇట్ల అడగలేదు.

బస్టు అంటే ఒక ఫలానా మనిషి తల, మెడ, భుజాలు, కొంత ఛాతీ, అంతవరకే చూపించే శిల్పం. గోడకు అంటిపెట్టుకుని ఉండేది కాదు, చుట్టూ తిరిగి చూడొచ్చు. జుట్టు వెనక ఎట్ల దువ్వేవాడో, చెవి వెనక గుంట ఎంత లోతో కూడా అందులో ఉండాల. కింద చిన్న మెడలాంటి పీఠం, దాని కింద మన మనుషుల ఛాతీ ఎత్తుకు వచ్చే దిమ్మె. దీన్ని అర్ధవిగ్రహం అనొచ్చు గానీ నాకు ఆ మాట గిట్టదు. ఆ "అర్ధ"తోనే కదా మీ జేజి కడుపు మండింది. షెడ్డులో మేము బస్టనే అంటాం. ఫోటో స్టూడియోల వాళ్లు వెనకటి నుంచీ "బస్టు సైజు" అంటున్నారు కాబట్టి ఈ మాట మన ఊర్లకు కొత్తది కాదు. ఇటలీ వాళ్ల బుస్తో నుంచి వచ్చింది. దానికి మూలం లాటిన్‌లో బుస్తుమ్ అనీ, చితిపేర్చిన చోటు, సమాధి అని దాని అర్థమనీ చెబుతారు. ఈ సంగతి మాత్రం మీ జేజికి చెప్పొద్దు.

ఇప్పుడు ఆమె ప్రశ్నకు వస్తా. విరిగిన బొమ్మ వేరు, ఆపిన బొమ్మ వేరు.

మొహెంజొదారోలో దొరికిన గడ్డం ఆయన బొమ్మ పాఠ్యపుస్తకాల్లో చూసే ఉంటావు. భుజం మీద మూడాకుల పూల గుర్తులున్న శాలువా, సగం మూసిన కళ్లు. బలపపు రాయి, 17.5 సెంటీమీటర్లు, అంటే జానెడు కూడా లేదు. ఇప్పుడు కరాచీ మ్యూజియంలో ఉంది. చూస్తే బస్టు లాగే కనపడుతుంది గానీ దాని అడుగు విరిగిపోయింది. కింద ఇంకేమన్నా ఉండేదేమో. మీ జేజి భయపడేది ఇట్లాంటిదానికి.

ఈజిప్టు రాణి నెఫర్తీతి బొమ్మ అట్ల కాదు. 1912 డిసెంబరు 6న అమర్నా అనే చోట, తుత్మోస్ అనే శిల్పి పనిచేసిన ఇంట్లో జర్మనీ వాళ్ల తవ్వకాల్లో దొరికింది. లోపల సున్నపురాయి, పైన గచ్చు పూత, రంగులు. అడుగున్నర ఎత్తు. మూడు వేల మూడు వందల ఏండ్ల నాటిది, ఇప్పుడు బెర్లిన్‌లో ఉంది. ఆమె భుజాలు నిలువునా నున్నగా ఆగిపోతాయి. విరగలేదు, ఎవరూ నరకలేదు. "ఈమె ఇంతవరకు చాలు" అని శిల్పి అక్కడ చెయ్యి ఎత్తేసినాడు. బస్టు చేసే పనిలో ముక్కు కన్నా, కన్ను కన్నా కష్టమైంది ఇదే: యాడ ఆపాల?

రోమన్లు దీని మీద రెండు మూడు వందల ఏండ్లు తంటాలు పడినారు. క్రీస్తు శకం మొదట్లో వాళ్ల బస్టులు మెడ కింద ఎముక దగ్గరే ఆగేవి. తర్వాత భుజాలు వచ్చినాయి, తర్వాత ఛాతీ, 2వ శతాబ్దానికి పై చేతుల దాకా దిగినాయి. ఎంత కిందికి దిగిందో కొలిచి, ఆ బస్టు సుమారుగా ఏ కాలానిదో చెప్పేస్తారు చరిత్రకారులు. అంతకు ముందు వాళ్ల పెద్దింటి వాళ్లు చనిపోయిన పెద్దల ముఖాలను మైనంతో చేసి ముందు గదిలో చెక్క బీరువాల్లో పెట్టుకునేవాళ్లు. ఇంట్లో ఎవరన్నా పోతే ఆ మైనపు ముఖాలు బయటికి తీసి, మనుషులకు తొడిగి, ఊరేగింపులో నడిపించేవాళ్లు. మన ఇంట్లో గోడకు పెద్దల ఫోటో పెట్టి దండ వేస్తాం చూడు, ఆ పని వాళ్లు మైనంతో చేసినారు.

మన దగ్గర ఈ వాడుక లేదు, అది నిజమే. మనుషుల రూపాలు చేస్తే నిలువెత్తునే చేసేవాళ్లు. తిరుమల గుడి లోపల కృష్ణదేవరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి చేతులు జోడించి నిలబడి ఉంటారు, భుజాల మీద పేర్లు కూడా చెక్కి ఉంటాయి. దేవుని ముందర దండం పెట్టాలంటే చేతులు కావాల కదా. బడి ముందర, కచేరి ముందర బస్టులు పెట్టడం ఇంగ్లీషోళ్ల కాలంలో వచ్చింది. కానీ తల వరకే ఉన్న రూపం అశుభం అంటే మాత్రం నేను ఒప్పుకోను. మా పక్క ఎల్లమ్మ గుళ్లలో అమ్మవారి తల ఒక్కటే పెట్టి పసుపు కుంకుమ పూయడం మీ జేజి చూడలేదా? ఆ తలకే కదా కోళ్లు, పొంగళ్లు. ఆమెను ఈ మాట అడుగు, ఏమంటుందో నాకు రాయి.

ఇక పని సంగతి. బొమ్మ చేసే ఆయనకు రెండు మాటలు చెప్పండి. ఒకటి, చొక్కా రెండో గుండీ కింద నాలుగు వేళ్ల దాకా ఛాతీ రావాల. మెడ ఎముక కాడ ఆపితే మనిషి గాదెలో నుంచి తొంగి చూస్తున్నట్టు ఉంటాడు. రెండు, చేతులు భుజం వాలు తిరిగే చోటనే ఆగిపోవాల. నేను ఈ పనిలో కొత్తగా ఉన్నప్పుడు ఒక పెద్దాయన బస్టుకు పై చెయ్యి సగం దాకా తెచ్చి బల్లపరుపుగా కోసినాను. తెర తీసే రోజు ఆయన ముని మనవడు, నాలుగేండ్ల పిల్లోడు, మైకు ముందర గట్టిగా "తాత చేతులు యాడికి పోయినాయి?" అన్నాడు. అందరూ నవ్వినారు. నాకు మాత్రం భోజనాల కాడ కూర్చోవాలనిపించలేదు. చెయ్యి మొదలు పెట్టి ఆపితే చూసేవాళ్ల కన్ను మిగతా చెయ్యిని వెతుక్కుంటుంది, మొదలే పెట్టకపోతే వెతకదు. మీ జేజినాయన భుజాన కండువా వేసుకునేవాడైతే ఇంకా మంచిది. కండువా మడత కిందికి జారుతూ పోతే ఆ అంచు యాడ ఆగిందో ఎవరికీ కనపడదు.

ప్రశ్న: మా నాయన పోయి తొమ్మిదేండ్లు. ఆయనది పాస్‌పోర్టు ఫోటో ఒక్కటే ఉంది. దాన్ని చూసి బస్టు చేస్తే పోలిక వస్తుందా?
- అనంతపురం నుంచి ఒక కొడుకు

జవాబు: ముందు నుంచి చూస్తే వస్తుంది నాయనా. పక్కకు రెండడుగులు వేస్తే వేరే మనిషి అయిపోతాడు.

ఫోటోకు లోతు లేదు. ముక్కు ఎంత ముందుకు వచ్చింది, గడ్డం ఎంత వెనక్కి పోయింది, నుదురు వాలుగా ఉందా నిటారుగా ఉందా, ఇవేవీ ముందు ఫోటోలో తెలియవు. దగ్గర నుంచి ఫోన్‌తో తీసిందైతే ఇంకా మోసం. ముక్కు పెద్దదవుతుంది, చెవులు వెనక్కి దాక్కుంటాయి. మద్రాసులో గుర్రం మీద కూర్చున్న మన్రో విగ్రహం ఉంది కదా, 1839లో పెట్టింది. మన మన్రోనే, 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల కలెక్టరు, 1827లో పత్తికొండ కాడ కలరాతో పోయినాయన. మా జేజినాయన ఈడు వాళ్లలో మన్రోలప్ప అని పేరున్నవాళ్లు ఉండేవాళ్లు. ఆ విగ్రహం చేసిన ఫ్రాన్సిస్ చాంట్రీ ఇంగ్లండులో బస్టులకు పెట్టింది పేరు. ఆయన కెమెరా లూసిడా అనే పట్టకం బిగించిన పరికరం పెట్టుకుని, ఎదుట కూర్చున్న మనిషి ముఖం ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి గీసుకున్నాకనే మట్టి ముట్టేవాడు. పక్క గీత అంత ముఖ్యం.

కాబట్టి ఇల్లంతా వెతుకు. ఎవరి పెండ్లి ఆల్బమ్‌లోనో మూలన నిలబడి ఉంటాడు మీ నాయన. పక్కకు తిరిగి ఉన్న ఫోటో గుడ్డిదైనా సరే తీసుకురా. పెండ్లి వీడియో దొరికితే స్టూడియో ఫోటోను మించిన పని చేస్తుంది. ఇటలీ శిల్పి బెర్నినీ 1665లో ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ బస్టు చేయడానికి పారిస్ పోయినప్పుడు, రాజును బొమ్మలాగా కూర్చోబెట్టలేదు. ఆయన మంత్రులతో మాట్లాడుతుంటే, బంతాట ఆడుతుంటే పక్కన నిలబడి గీసుకున్నాడు. కదిలేటప్పుడే మనిషి తన మాదిరి ఉంటాడని ఆయన నమ్మకం. ఆ బస్టు ఇప్పటికీ వెర్సాయి కోటలో ఉంది. మెడ ఒక పక్కకు, ఎగిరే వస్త్రం ఇంకో పక్కకు. కూర్చోబెట్టి చేసింది కాదని చూస్తూనే తెలుస్తుంది.

ఫోటో ఒక్కటే పెట్టుకుని నేను మోసపోయిన కథ కూడా చెబుతా. మైదుకూరు పక్క ఒక ఊర్లో హెడ్మాస్టరుగా చేసిన పెద్దాయన. ఒకే ఫోటో, నోరు మూసి, మెడ నిక్కించి తీసింది. మట్టిలో చేసి ఇంట్లో వాళ్లను పిలిచినా. అందరూ చుట్టూ తిరిగినారు. "బాగుంది సార్, బాగుంది" అన్నారు గానీ ఎవరి కంట్లో నీళ్లు రాలేదు. అప్పుడే నాకు అనుమానం. వాళ్ల వెంట ఆయనకు నలభై ఏండ్లు క్షవరం చేసిన ముసలాయన కూడా వచ్చినాడు. ఆయన ఏమీ మాట్లాడలేదు. దగ్గరికి వచ్చి, పచ్చి మట్టి తల మీద అరచెయ్యి పెట్టి, వెనకకు జరిపి, "నా చేతికింద తిరిగిన తల ఇది కాదు సార్" అన్నాడు.

వెనక తల ఇంత గుండ్రంగా ఉండేది కాదంట, పలక తల. నడినెత్తిన రెండు సుళ్లు. ఎడమ చెవి కొంచెం కిందికి. గడ్డం గీసేటప్పుడు తల ఎప్పుడూ కుడి పక్కకు వంచేవాడంట, బడిలో పిల్లోళ్లు చెప్పేది వినేటప్పుడు కూడా అంతే. నేను అక్కడికక్కడ వెనక మట్టి తీసేసి, మెడను వేలెడు వంచినాను. ఆయన నా పక్కనే నిలబడి "ఇంకొంచెం... ఆ, చాలు" అన్నాడు. పోలిక ముఖంలోనే ఉంటుందనుకునేవాణ్ని అంతవరకు. ఆ పెద్దాయన భార్య తలుపు కాడ నుంచి, వెనక వైపు నుంచి చూసి, చీర కొంగు నోట్లో పెట్టుకునింది. ముందు వైపు నేను ఏమీ మార్చనే లేదు.

మీ నాయనకు గడ్డం గీసినాయన ఇంకా ఉన్నాడా? ఉంటే వెంటబెట్టుకుని పో. మీ చిన్నాయనలు, అన్నదమ్ములు, ఎవరి ముఖంలో మీ నాయన దవడ దిగిందో వాళ్లను కూడా.

ప్రశ్న: విదేశీ పాలరాతి బస్టులకు కళ్లల్లో నల్లగుడ్డు ఉండదు, తెల్లగా ఉంటాయి. ఎందుకు సార్? భయమేస్తుంది.
- కర్నూలు నుంచి తొమ్మిదో తరగతి అమ్మాయి

జవాబు: వాటికి కళ్లు ఉండేవమ్మా, రంగుతో. పాత రోమన్ బొమ్మలకు పెదవులకు, జుట్టుకు, కంటిపాపకు రంగులు వేసేవాళ్లు. వానకు, మట్టికి, ఆ తర్వాత శుభ్రం చేసినవాళ్ల చేతికి ఆ రంగు పోయింది, తెల్ల రాయి మిగిలింది. హాడ్రియన్ చక్రవర్తి కాలం నుంచి, అంటే 2వ శతాబ్దం నుంచి, కంటి గీతను రాతిలోనే గీసి, పాపను తొలచడం అలవాటైంది.

మేమూ అదే చేస్తాం. కంటిపాప ఉన్న చోట గుంట తీస్తే అందులో నీడ పడి నల్లగా కనిపిస్తుంది. గుంట పై అంచున నువ్వు గింజంత ముక్కను తీయకుండా వదిలేస్తే దాని మీద వెలుగు పడి కన్ను మెరుస్తుంది. ఫ్రాన్సులో ఊదోన్ అనే శిల్పి 18వ శతాబ్దంలో ఈ కిటుకుతో వోల్టేర్‌ను, జార్జి వాషింగ్టన్‌ను బతికించినాడు. ఆ నువ్వు గింజ ఊడిపోతే మనిషి చూపు చచ్చిపోతుంది. నాకు రెండు సార్లు ఊడింది.

ప్రశ్న: మాది యర్రగుంట్ల. మా పొలంలోనే నాపరాయి. కడప రాయితో బస్టు చెక్కించుకోవచ్చా? బయటి నుంచి రాయి ఎందుకు తేవాల?

జవాబు: ఊరి రాయి మీద అభిమానం నాకూ ఉంది. మా ఇంట్లో అరుగు, అటక, బావి కాడ బండ, అన్నీ అదే. కానీ బస్టుకు పనికిరాదు.

నాపరాయి సున్నపురాయే. నెఫర్తీతి లోపల ఉన్నదీ సున్నపురాయే, అమరావతి స్తూపానికి వాడింది కూడా పల్నాటి సున్నపురాయే. అంటే సున్నం తప్పు కాదు. పొరలది తప్పు. మన రాయి పుస్తకం పేజీల్లాగా పొరలు పొరలుగా పేరుకుంది. అందుకే గడారుతో లేపితే బండలు బండలుగా వస్తుంది, అందుకే ఇన్ని ఊర్లకు బండలు పోతున్నాయి. బస్టుకు అన్ని వైపులా అడుగున్నర, రెండడుగులు ఉన్న ఒకే ముద్ద కావాల. అంత దొరికినా, ముక్కు పక్కన ఉలి పెట్టేసరికి పొర లేచి బుగ్గంతా పలకలాగా ఊడుతుంది. దాని మీద పలకచెక్కడం, అంటే బండ మీద పక్క ముఖం కొంచెం ఉబ్బెత్తుగా తేలేటట్టు చెక్కించుకోవచ్చు. అది బాగుంటుంది, కానీ అది బస్టు కాదు.

రాతి బస్టే కావాలంటే ఆళ్లగడ్డ పోండి. అక్కడ దేవతా విగ్రహాలు చెక్కే శిల్పుల షెడ్లు ఉన్నాయి, నల్లరాయి వాళ్లే చూపిస్తారు. గట్టి రాయి ఒక ఘనపుటడుగు డెబ్బై అయిదు కిలోలు తూగుతుంది. రెండడుగుల ఎత్తు, అడుగున్నర వెడల్పు, అడుగుంబాతిక మందం అంటే మొదటి దిమ్మ రెండు వందల ఎనభై కిలోలు. ఆటోలో తెస్తామనుకోవద్దు. ఒక మాట ముందే చెప్పుకోండి: రాయిలో లోపల దాగిన చీలిక ఉంటే ఎవరి బాధ్యత అని. 1632లో బెర్నినీకే తప్పలేదు. షిపియోనె బొర్గేసె అనే మతగురువు బస్టు పాలరాతిలో దాదాపు ముగిసే వేళకు నుదుటి మీదుగా చీలిక బయటపడింది. ఆయన ఇంకో రాయి తెప్పించి కొద్ది రోజుల్లోనే అదే బస్టు మళ్లీ చెక్కినాడు. మూడు రోజులని కొడుకు రాసినాడు, పదిహేను రోజులని ఇంకొకాయన రాసినాడు. నేనైతే పదిహేనే నమ్ముతా, అది కూడా కష్టం మీద. రెండు బస్టులూ ఇప్పుడు రోములో ఒకే భవనంలో ఉన్నాయి.

ప్రశ్న: మా కమిటీ కాంస్య బస్టుకని డబ్బు కట్టింది. వచ్చింది చూస్తే తేలిగ్గా ఉంది. కాంస్యమా కాదా ఎట్ల తెలుసుకోవాల? అయస్కాంతం పెట్టి చూస్తే అంటుకోలేదు.
- ఆదోని

జవాబు: అయస్కాంతం ఇక్కడ పనికిరాదు. కాంస్యానికీ అంటుకోదు, ఫైబరుకూ అంటుకోదు. ఫైబరంటే గాజు పీచును జిగురుతో కలిపి గట్టిపరిచేది. వేలి కణుపుతో తట్టి చూడండి. ఫైబరు డబ్బా మీద తట్టినట్టు టక్‌టక్‌మంటుంది, కాంస్యం లోపల్నుంచి సన్నగా మోగుతుంది. ఇంకో పద్ధతి, మధ్యాహ్నం రెండు గంటలకు ఎండలో పెట్టి చెయ్యి వేయండి. మన ఎండకు కాంస్యం అయితే చెయ్యి వెంటనే వెనక్కి లాక్కుంటారు. అప్పటికీ తేలకపోతే బొమ్మను వంచి అడుగున, ఎవరికీ కనపడని చోట, ఆకురాయితో గీకండి. ఎర్రటి పసుపు లోహం కనపడాల. తెల్లగా పొడి రాలి, గాజు పీచు కనపడితే అది ఫైబరు మీద కంచు రంగు.

తేలిగ్గా ఉందని మాత్రమే అనుమానించొద్దు. కాంస్య బస్టు లోపల గుల్లే. మొదట మట్టిలో బొమ్మ. దాని మీద పీఓపీతోనో (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) రబ్బరుతోనో అచ్చు. అచ్చు లోపల అయిదు మిల్లీమీటర్ల మందాన మైనం పూత, దాని లోపల గట్టి పదార్థం నింపుతారు. బయట ఇంకో పెంకు కట్టి, బట్టీలో కాలిస్తే మైనం కరిగి కారిపోతుంది. ఆ ఖాళీలోకి వెయ్యి డిగ్రీలు దాటిన లోహం పోస్తారు. రాగి నూటికి ఎనభై అయిదు పాళ్లు, తగరం, జింకు, సీసం అయిదేసి పాళ్లు అనేది ఎక్కువగా వాడే కలుపు. మైనం ఎంత మందమో లోహం అంతే మందం. మన తోలుబొమ్మలాటలో తోలు ఎంత పలుచనో చూసినావా, బొమ్మ నిలబడలేదా? అట్లనే ఇది కూడా. కానీ ఒక్క మనిషి ఒంటి చేత్తో ఎత్తుకుపోయేంత తేలిక అయితే మీ అనుమానం నిజమే.

ఫైబరు చెడ్డదని నేననను. నా షెడ్డు నుంచి పోయిన వాటిలో ఎక్కువ అవే. డబ్బు తక్కువ, వారం రోజుల్లో పని అయిపోతుంది, నీడలో పెడితే చానా కాలం ఉంటుంది. ఎండలో పెడితే రెండు మూడేండ్లకు రంగు పేలిపోయి తెల్లగా పొడి లేస్తుంది, మళ్లీ రంగు వేయించుకోవాల. తప్పు ఫైబరు ఇవ్వడంలో లేదు, కాంస్యం అని చెప్పి ఇవ్వడంలో ఉంది. రసీదులో ఏ లోహం, ఎంత బరువు అని రాయించుకున్నారా? రాయించుకోకపోతే కమిటీలో నలుగురు కలిసి పోయి పెద్దమనిషి తరహాగా మాట్లాడండి. ఇంకోసారి ఎవరైనా చేయిస్తే మైనం దశలోనే పోయి చూడండి. తప్పులు అప్పుడే దిద్దొచ్చు, మందం కూడా కంటికి కనపడుతుంది.

ప్రశ్న: మా ఊరి మూడు రోడ్ల కూడలిలో మా నాయకుని బస్టు పెట్టాలనుకుంటున్నాం. ఎవరి అనుమతి కావాల?
- నంద్యాల దారిలో ఒక ఊరు

జవాబు: కూడలి మాట మరచిపోండి. రోడ్ల మీద, నడిచే దారుల మీద, జనం వాడుకునే చోట్ల విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరి 18న రాష్ట్రాలకు చెప్పింది. సొంత స్థలంలోనో, ఏదైనా సంస్థ ఆవరణలో వాళ్ల అనుమతితోనో పెట్టుకోండి. లారీల పొగ, దుమ్ము పడని చోటైతే బొమ్మకు కూడా మంచిది.

ప్రశ్న: సార్, నేను ఇంటర్ చదువుతున్నా. మా తాత తల మట్టితో చేస్తున్నా. మొదటి రోజు బాగుంటుంది, పొద్దున లేచేసరికి ముక్కు ఊడిపోయి ఉంటుంది. నిన్న తలంతా వాలిపోయింది. కళ్లు కూడా ఏదో తప్పుగా ఉన్నాయి.
- పులివెందుల

జవాబు: అబ్బోడా, ముక్కు ఒక్కటే ఊడింది, సంతోషించు. నాకు ఒక మే నెలలో దవడతో సహా జారి బండల మీద పడింది. మా ఇంటామె పొద్దున్నే చూసి దొంగ పడినాడని అరిచింది.

తల వాలిందంటే లోపల ఎముక లేదు. మందమైన పలక మీద నిటారుగా ఇనుప పైపు బిగించు. పైన బలమైన తీగ చుట్టగా వంచి, దాని నుంచి రెండు చిన్న చెక్కముక్కలు అడ్డంగా, నిలువుగా కట్టి తల లోపలికి వేలాడదీయి. మట్టి కిందికి జారకుండా అవి పట్టుకుంటాయి. వాటిని మేము సీతాకోకచిలుకలు అంటాం.

ముక్కు ఊడిందంటే ఆరిన మట్టి మీద పచ్చి మట్టి అతికించినావు. కింద మట్టిని తడిపి, గీతలు గీకి, అప్పుడు ముక్కు ముద్దను నొక్కి పెట్టు. ఎండిన మట్టి కుంచించుకుపోతుంది, లోపలున్న కడ్డీ కుంచించుకోదు. అందుకే పగుళ్లు కూడా.

కళ్ల సంగతి నువ్వు రాయకపోయినా చెప్పేవాణ్ని. పైకి పెట్టి ఉంటావు. కొత్తవాళ్లంతా పెడతారు. నుదురు జుట్టు కాడ ఆగిపోతుందని అనుకుంటారు, జుట్టు కింద పుర్రె ఇంకా ఉందని మరచిపోతారు. నడినెత్తి నుంచి గడ్డం దాకా దారం పట్టి సగానికి మడువు, కళ్లు అక్కడ ఉంటాయి. నమ్మకం లేకపోతే మీ తాత నిద్రపోయేటప్పుడు కొలువు. రెండు కళ్ల మధ్య ఇంకో కన్ను పట్టేంత జాగా, చెవి పై అంచు కనుబొమ కాడ, కింది అంచు ముక్కు కింద కాడ. తాతకు చెవులు పెద్దవైతే ఈ లెక్క కొంచెం తప్పుతుంది, తప్పనీ.

రాత్రి పని ఆపేటప్పుడు గోనెపట్ట నీళ్లలో ముంచి పిండి, ముఖానికి తగలకుండా చుట్టూ రెండు పుల్లలు గుచ్చి వాటి మీద కప్పు. దాని మీద ప్లాస్టిక్ కాగితం. పులివెందుల ఎండకు అది కూడా చాలదు. రాత్రి పది గంటలకు ఒకసారి లేచి పట్ట ఆరిందేమో చేత్తో చూసి, ఆరితే మళ్లీ తడిపి పడుకో.